సూట్‌కేసులో నాన్‌స్టిక్ పెనం: అపోహలు – వాస్తవాలు

పిల్లలు పైచదువులకు బయల్దేరే రోజుల్లో విజయవాడ వన్ టౌన్ పాత్రల కొట్లలో వినబడే మాట ఒకటే: "అమ్మాయి అమెరికా వెళ్తోందండీ, మంచి నాన్‌స్టిక్ పెనం చూపించండి." చూపించడం ఎంతసేపు! ముందు తేల్చుకోవాల్సింది, అక్కడ పొయ్యి ఏ రకమని.

అపోహ: మన పెనం గట్టిది, ఎక్కడైనా పనిచేస్తుంది.

గ్యాస్ మీద చేస్తుంది. అక్కడి అద్దె ఇళ్లలో చాలాచోట్ల ఉండేది కరెంటు కాయిల్, గాజు పలక పొయ్యి, లేదంటే ఇండక్షన్. గాజు పలకకు అడుగంతా ఆనాలి. అడుగు కాస్త కిందికి ఉబ్బిన పెనం దానిమీద ఊగుతుంది, అట్టు నడుమ మాడి అంచు పచ్చిగా మిగులుతుంది. ఇండక్షన్ అయితే ఫ్రిజ్ అయస్కాంతం తెచ్చి అడుగున పెట్టి చూడండి. వట్టి అల్యూమినియానికి అది అంటుకోదు, ఆ పెనం ఇండక్షన్ మీద కాగదు. అంటుకున్నా సరిపోదు, అడుగున అతికించిన స్టీలు బిళ్ల ఎంత వెడల్పుందో కొలవాలి. 28 సెంటీమీటర్ల పెనానికి 16 సెంటీమీటర్ల బిళ్ల ఉంటే ఇండక్షన్ నేరుగా కాల్చేది ఆ 16నే.

అపోహ: కోటింగ్ ఎన్ని పొరలుంటే అంత మన్నిక.

పొరల కన్నా ముందు లోహం మందం చూడాలి. పల్చటి రేకు మీద వేడి ఒకేచోట పోగవుతుంది, కోటింగ్ ముందు పోయేదీ అక్కడే. ఆ వేడి పెనాన్ని కుళాయి కింద పెడితే అడుగు ఉబ్బుతుంది. ఇక నూనె నడుమ నిలవదు, అంచులకు పారుతుంది. మన పెట్టెల మీద మందం చాలావరకు రాస్తారు. అక్కడ కొనేటప్పుడు కనబడకపోతే బరువు చూడండి. 28 సెంటీమీటర్ల అల్యూమినియం రేకు 4 మి.మీ. అయితే పిడి కాకుండానే 650 గ్రాములు దాటుతుంది. 2.5 మి.మీ. అయితే 400 చిల్లరే. పిడితో కలిపి అర కిలో ఉన్న పెనాన్ని ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వదిలేయండి.

అపోహ: గ్రానైట్ పెనం అంటే రాయి.

రాయి కాదు, చుక్కల డిజైన్. కింద ఉండేది అల్యూమినియమే, పైన పీటీఎఫ్‌ఈ (మనం టెఫ్లాన్ అనేది) లేదా సిరామిక్ పూత.

అపోహ: 'పీఎఫ్ఓఏ ఫ్రీ' అని రాసుంటే టెఫ్లాన్ లేనట్టే.

పీఎఫ్ఓఏ అనేది టెఫ్లాన్ తయారీలో వాడిన రసాయనం. అమెరికాలో పెద్ద కంపెనీలు 2015 నాటికే దాన్ని మానేశాయి. అది లేకపోయినా పీటీఎఫ్‌ఈ ఆ పెనం మీద ఉండొచ్చు. పీటీఎఫ్‌ఈ కూడా పీఎఫ్ఏఎస్ అనే, ఓ పట్టాన నశించని ఫ్లోరిన్ రసాయనాల కుటుంబానిదే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పీఎఫ్ఏఎస్ కలిపిన వంటపాత్రల అమ్మకం 2025 జనవరి 1 నుంచి నిషేధం. అక్కడికి వెళ్లేవాళ్లకు కొట్లో దొరికేది సిరామిక్, ఇనుము, స్టీలే. సిరామిక్ మొదట్లో గాజులా జారుతుంది, కానీ ఆ జారుడు టెఫ్లాన్ కన్నా త్వరగా తగ్గిపోతుంది. రోజూ అట్లు పోసే ఇంటికి మేం సిరామిక్ చెప్పం.

అపోహ: కోటింగ్ ముక్క కడుపులోకి పోతే విషం.

పీటీఎఫ్‌ఈ ముక్క అరగదు, అలాగే బయటికి పోతుంది. భయపడాల్సింది ఖాళీ పెనాన్ని హైలో వదిలేయడానికి. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పూత పాడవడం మొదలవుతుంది, ఇంకా పైకి పోతే వచ్చే పొగకు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. పంజరంలో చిలకుంటే దాని ప్రాణానికే ముప్పు. చలికాలం కిటికీలు మూసుకునే ఇళ్లలో ఇది మరీ గుర్తుంచుకోవాలి.

అపోహ: అట్టు గరిటెతో పాటు లేచొస్తోందంటే పెనం నాసిరకం.

చాలాసార్లు తప్పు పెనానిది కాదు. నాన్‌స్టిక్ మీద పిండికి పట్టు ఉండదు, పైగా పెనం బాగా కాగి ఉంటే పిండి పడగానే గట్టిపడి గరిటెకు చుట్టుకుంటుంది. పిండిని అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీయండి. పెనం మీడియంలో రెండు మూడు నిమిషాలు కాగాక మంట తగ్గించి, నాలుగు చుక్కల నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడవండి. నూనె ముందు వేయొద్దు. పిండి పోసి, గరిట అడుగు ఆనీఆననట్టు నడుమ నుంచి తిప్పి, పరిచాక మంట పెంచి అంచుల్లో నూనె వేయండి. పెసరట్టు పిండి బరకగా ఉంటుంది కాబట్టి దానికి ఇంకాస్త నీళ్లు కలపాలి.

అపోహ: జిగురు పట్టిందంటే కోటింగ్ పోయినట్టే.

అక్కడ డబ్బాల్లో దొరికే నూనె స్ప్రేల్లో లెసిథిన్ అనే జిడ్డు పదార్థం ఉంటుంది. అది పెనం మీద కాలి గోధుమరంగు జిగురుగా మిగులుతుంది. వంటసోడాలో కాసిని నీళ్లు కలిపి పట్టించి, పావుగంటాగి మెత్తటి స్పాంజితో రుద్దితే చాలావరకు వదులుతుంది. స్టీలు పీచు వద్దు. డిష్‌వాషర్‌లోనూ వేయకండి, ఆ సబ్బు ఘాటుకు పూత అరుగుతుంది, హార్డ్ అనోడైజ్డ్ (పైపొర గట్టిపరచిన అల్యూమినియం) అయితే బయటి నలుపు తెల్లబారుతుంది.

ఇక ఇనుప పెనం సంగతి. పోత ఇనుముది రెండు మూడు కిలోలుంటుంది, 23 కిలోల సూట్‌కేసులో పచ్చళ్ల చోటు తినేస్తుంది. అమెరికాలో లాడ్జ్ కంపెనీ పెనాలు ముందే నూనె పట్టించి అమ్ముతారు, వెళ్లాక కొనుక్కోవచ్చు. ఇక్కణ్నుంచి చెక్క అట్లకాడ ఒకటి పెట్టండి.