టేపులో పాట ఎండకు చెరిగిపోదు

యర్రగుంట్ల నుంచి ఒక పాఠకుడు అడిగారు: నాన్నగారి నాటి కారులో క్యాసెట్ ప్లేయర్ ఇంకా తిరుగుతోంది, కానీ ఊరి భజన బృందం పాడిన టేపుల్లో గొంతులు వినిపిస్తున్నాయి, తాళాలు వినిపించడం లేదు. కడప ఎండలకు టేపులోని అయస్కాంతత్వం కరిగిపోయిందా? పోతే మళ్లీ రాదు కదా, పాడినవారిలో చాలామంది ఇప్పుడు లేరు.

దాదాపు నిశ్చయంగా చెప్పగలను: పాట టేపులోనే ఉంది.

వేడి చేస్తే అయస్కాంతం బలం పోతుందని బడిలో చెబుతాం. ఎంత వేడికి పోతుందో మాత్రం చెప్పం. ఇనుముకైతే అది 770 డిగ్రీల సెల్సియస్. టేపుకు పూసిన ఐరన్ ఆక్సైడ్ పొడికి కూడా వందల డిగ్రీలు కావాలి. మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా వేడెక్కవచ్చు. అంతకు చాలా మించితే ముందు కరిగేది క్యాసెట్ పెట్టె. ఆ ఒక్క అంకె పాఠంలో లేకపోవడం వల్ల ఎన్ని ఇళ్లలో మంచి టేపులు పాతసామాను బండికి వెళ్లిపోయాయో తలచుకుంటే బాధగా ఉంటుంది. టేపుకు అసలు ముప్పు మరో అయస్కాంతం నుంచి వస్తుంది. కారు తలుపులో స్పీకరు పక్కనే ఉన్న అరలో క్యాసెట్లు పెట్టకండి.

మరి తాళాలు ఏమయ్యాయి? నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇక్కడే ఉంది. క్యాసెట్ టేపు, ప్లేయర్‌లో దాన్ని చదివే భాగమైన హెడ్ ముందు నుంచి సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో సాగుతుంది. సెకనుకు వెయ్యి కంపనాలున్న ధ్వని టేపు మీద 47.6 మైక్రాన్ల పొడవున్న అలగా పడుతుంది. పదివేల కంపనాల ధ్వనికి ఆ పొడవు 4.76 మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ప్రతి అలలోనూ ఒక ఉత్తర ధ్రువం, ఒక దక్షిణ ధ్రువం. ధ్రువాలు దూరదూరంగా ఉంటే వాటి మధ్య బలరేఖలు టేపు పైకి బాగా లేచి హెడ్‌ను తాకుతాయి. దగ్గరదగ్గరగా ఉంటే పక్క ధ్రువంలోకే వంగిపోతాయి, పైకి లేవవు. గోడకు అంటించిన వార్తాపత్రికను వెనక్కి జరుగుతూ చదివితే శీర్షిక చాలాసేపు కనిపిస్తుంది, లోపలి చిన్న అక్షరాలు రెండడుగులకే కలిసిపోతాయి. కారులోనూ అంతే, కాకపోతే ఇక్కడ టేపు నుంచి హెడ్ వెనక్కి జరగడం మైక్రాన్లలో.

ఎంత నష్టమో 1951లో బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్త వాలెస్ లెక్క కట్టి చూపారు. హెడ్‌కూ టేపుకూ మధ్య ఎడాన్ని అల పొడవుతో భాగించి 54.6తో హెచ్చిస్తే, సంకేతం బలం ఎన్ని డెసిబెల్స్ తగ్గుతుందో తెలుస్తుంది. ఒక్క మైక్రాన్ ఎడం ఉందనుకుందాం. వెయ్యి కంపనాల దగ్గర నష్టం 1.15 డెసిబెల్స్, చెవి పట్టించుకోదు. అయిదువేల దగ్గర 5.7, అంటే సంకేతం సగానికి పడిపోయింది. పదివేల దగ్గర 11.5, అంటే నాలుగో వంతు మిగిలింది. ఎడాన్ని మూడు మైక్రాన్లు చేయండి: వెయ్యి దగ్గర ఇంకా మూడింట రెండు వంతులు నిలుస్తుంది, పదివేల దగ్గర యాభయ్యో వంతే. అచ్చుల బలమంతా తక్కువ కంపనాల్లో ఉంటుంది కాబట్టి గొంతు నిలిచింది. సకారపు ఊపిరి, గజ్జెలు, తాళాల మెరుపు పై కంపనాల్లో ఉంటాయి కాబట్టి అవి పోయాయి. పాఠకుడు విన్నది సరిగ్గా ఇదే!

ఆ ఎడం తెచ్చేది చాలావరకు టేపు నుంచి రాలిన గోధుమరంగు పొడి. యర్రగుంట్ల, బేతంచెర్ల ప్రాంతాల్లో నాపరాయి కోసిన ధూళి దానికి తోడు. మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. కారు తాళంచెవి బయటికి తీసేసి, పుల్లకు చుట్టిన దూదిని అందులో ముంచి హెడ్‌నూ, టేపును లాగే సన్నని ఇనుప కడ్డీనీ మెల్లగా తుడవండి. దూది తెల్లగా వచ్చేదాకా మార్చండి. పెట్రోలు, కిరసనాయిలు వద్దు. ఆ కడ్డీకి ఆనుకుని తిరిగే రబ్బరు చక్రాన్ని మాత్రం సబ్బునీటిలో పిండిన గుడ్డతో తుడిస్తే చాలు, ఆల్కహాల్ రబ్బరును ఎండగడుతుంది. క్యాసెట్ ఆడుతుండగానే బండి ఆపి వెళ్లిపోతే ఆ చక్రం నొక్కుకున్న చోట సొట్టపడి, తర్వాత పాట ఊగుతుంది. దిగేముందు క్యాసెట్ బయటికి తీయండి.

ఎండ నిర్దోషి అనడం లేదు. క్యాసెట్ నోటి దగ్గర రాగిరంగు రేకు మీద చిన్న ఉన్నిముక్క ఉంటుంది. టేపును హెడ్‌కు అదిమి పట్టేది అదే. వేడికి దాని జిగురు వదిలి ఉన్ని ఊడిపోతే మళ్లీ అదే ఎడం, అదే లెక్క. పెట్టె వంకరపోయినా అంతే. మరలు (స్క్రూలు) ఉన్న మరో క్యాసెట్ పెట్టెలోకి టేపు చుట్టలు మార్చితే టేపు బతుకుతుంది.

హెడ్ శుభ్రం చేశాక కొన్న క్యాసెట్లన్నీ స్పష్టంగా వినిపించి, భజన టేపుల్లో మాత్రమే ధ్వని మందగిస్తే కారణం వేరు. హెడ్‌లోని సన్నని చీలిక టేపుకు సరిగ్గా నిలువుగా ఉండాలి. స్టీరియో టేపులో ఒక్కో ట్రాక్ వెడల్పు సుమారు 0.6 మిల్లీమీటర్లు. చీలిక అర డిగ్రీ కూడా వాలనక్కరలేదు, ట్రాక్ పై అంచూ కింది అంచూ ఒకే అలలో వేర్వేరు చోట్లను చదివి, పదివేల కంపనాల ధ్వని తనను తాను పూర్తిగా కొట్టేసుకుంటుంది. ఇంట్లో రికార్డు చేసిన టేపులో ఆనాటి రికార్డరు వాలు అలాగే నిలిచి ఉంటుంది, కారు హెడ్ దానికి సరిపడదు. ఆ పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించే రోజున, హెడ్ పక్కనున్న స్ప్రింగు మర మొదటి స్థానాన్ని గుర్తుపెట్టి, అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ తాళాలు వినిపించేదాకా వినండి. ఎక్కించడం పూర్తయ్యాక మరను గుర్తు దగ్గరకు తిప్పేయండి, లేకపోతే కొన్న క్యాసెట్లు మందగిస్తాయి.