సెల్‌ఫోన్ కంప్యూటరేనా?

ఇరవై ఏళ్ల కిందట ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న ఇది. రిలయన్స్ సంస్థ మూడేళ్ల ఒప్పందం మీద చౌకగా ఫోన్లు ఇచ్చి, అవి తన నెట్‌వర్క్‌లోనే పనిచేసేలా కట్టడి చేసింది. టాటా ఇండికామ్ సిబ్బంది ఆ ఫోన్లలోని ఎలక్ట్రానిక్ సీరియల్ నంబరు మార్చి ఖాతాదారులను తమవైపు తిప్పుకున్నారన్నది ఆరోపణ. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం నిర్వచనం ప్రకారం సెల్‌ఫోన్ కూడా కంప్యూటరేనని కోర్టు 2005లో తేల్చింది. మోసం, నమ్మకద్రోహం సెక్షన్లను కొట్టివేసింది. సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రాం రాతను, తారుమారు చేశారన్న ఐటీ చట్టం 65వ సెక్షన్ ఆరోపణపై మాత్రం దర్యాప్తు సాగనిచ్చింది.

చట్టంలోని మాట ఎంతవరకు సాగుతుందన్న తగాదా న్యాయతత్వంలో పాతదే. ‘పార్కులోకి వాహనాలు రాకూడదు’ అని బోర్డు ఉందనుకోండి, అన్నాడు 1958లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు హెచ్.ఎల్.ఎ. హార్ట్. కారు రాకూడదనడంలో సందేహం లేదు. మరి సైకిలు? బొమ్మ కారు? ప్రతి మాటకూ తేటతెల్లమైన నడిమి భాగం, మసకబారిన అంచు ఉంటాయన్నది ఆయన వాదన. హార్వర్డ్‌లోని లాన్ ఫుల్లర్ ఒప్పుకోలేదు. యుద్ధకాలపు ట్రక్కును స్మారకంగా పార్కులో నిలబెడితే అది ‘వాహనం’ అవుతుందా అని ఎదురడిగాడు. నియమం దేనికోసం పెట్టారో చూడకుండా మాటకు అర్థం తేలదంటాడు ఆయన.

హ్యాకర్లు ఆ మసక అంచులోకే నడిచి వచ్చారు. 1980ల నడుమ బ్రిటన్‌లో స్టీఫెన్ గోల్డ్, రాబర్ట్ షిఫ్రీన్ ‘ప్రెస్టెల్’ సమాచార సేవలోకి చొరబడ్డారు. చేతికి చిక్కిన యూజర్ నంబరు ఎనిమిది రెండ్లు, పాస్‌వర్డు 1234! రాణి ఎలిజబెత్ భర్త, ఎడిన్‌బరా డ్యూక్ ఫిలిప్ మెయిల్‌బాక్సు దాకా వెళ్లారు. హ్యాకింగ్‌కు చట్టమే లేదు కనుక ఫోర్జరీ కేసు పెట్టారు. క్షణకాలం మెరిసి చెరిగిపోయే సంకేతాలు ‘దొంగ పత్రం’ ఎలా అవుతాయి? 1988లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ ఇద్దరూ నిర్దోషులని తేల్చింది. ఇది నేరం కావాలంటే పార్లమెంటు చెప్పాలి, జడ్జీలు కాదు. నాకు ఇది చట్టం ఓటమిగా కాక నిజాయితీగా కనిపిస్తుంది. 1990లో కంప్యూటర్ దుర్వినియోగ చట్టం వచ్చింది.

మన ఐటీ చట్టం 2000లో ‘హ్యాకింగ్’ అనే మాటనే వాడింది. నష్టం కలిగించే ఉద్దేశంతోనో, కలుగుతుందని తెలిసో సమాచారాన్ని చెరిపినా, మార్చినా, దాని విలువ తగ్గించినా అది హ్యాకింగ్. 2008 సవరణ ఆ మాటను 66వ సెక్షన్ నుంచి తీసేసింది. యజమాని ‘అనుమతి లేకుండా’ చేసే పనులు 43వ సెక్షన్‌లో ఉన్నాయి. వాటిని కపటంతోనో మోసపూరితంగానో చేస్తే 66 కింద నేరం.

అనుమతి అంటే ఏమిటన్నది అమెరికాను ఇటీవలి దాకా వేధించింది. జార్జియాలో ఒక పోలీసు సార్జెంటు డబ్బుకు ఆశపడి, తనకు చూసే అనుమతి ఉన్న డేటాబేసులోనే ఒక కారు నంబరు వెతికాడు. 2021లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 తేడాతో దాన్ని హ్యాకింగ్ నేరం కాదంది. గేటు తెరిచి ఉందా, మూసి ఉందా అన్నదే ముఖ్యం, లోపలికి వెళ్లిన ఉద్దేశం కాదు.

మన 66లో మాత్రం ఉద్దేశమే కీలకం. లోపం కనిపెట్టి యజమానికి చెప్పిన పరిశోధకుడికి ఆ సెక్షన్ వర్తించకపోవచ్చు. కానీ అతడు అడగకుండా లోపలికి వెళ్లి ఉంటే, 43 కింద నష్టపరిహారం కోరడానికి అతడి మనసులో ఏముందో నిరూపించనక్కరలేదు.