బైపాస్ గాయం మానకపోతే: అపోహలు - వాస్తవాలు

గుండె ఆపరేషన్ గాయంలో చీము పడితే ఎక్కువసార్లు కారణం స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా. ఇక్కడ రాసేది మిగిలిన కొద్దిమంది గురించి. కొన్ని వారాలకు కుట్ల గీత మీద చిన్న గడ్డ లేస్తుంది. పగిలి పల్చటి రసి కారుతుంది. మందులు వాడినన్నాళ్లూ తగ్గినట్టే ఉండి, పక్కనే మరో రంధ్రం పడుతుంది.

అపోహ: కల్చర్‌లో (చీములోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగలేదంటే ఇన్ఫెక్షన్ లేనట్టే.

వాస్తవం: చాలా ల్యాబుల్లో చీము ప్లేటును 48 గంటలు చూసి పారేస్తారు. టీబీ క్రిమి జాతికే చెందిన మైకోబ్యాక్టీరియం ఫార్చూటమ్, అబ్సెసస్, కెలోనే కనబడటానికి 3 నుంచి 7 రోజులు కావాలి. కెలోనేకి 37 డిగ్రీల కన్నా 30 డిగ్రీల వేడే నప్పుతుంది. మైకోప్లాస్మా హోమినిస్ అనే మరో బ్యాక్టీరియాకైతే కణకవచమే ఉండదు, గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష) కనిపించదు. సెఫలోస్పోరిన్లు, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు దాన్ని ఏమీ చేయలేవు. చీము కారుతుంటే 'నో గ్రోత్' అని రిపోర్టు వచ్చిందా, అనుమానం అక్కడే మొదలవ్వాలి.

పైపైన అద్దిన స్వాబ్ చాలదు. గాయాన్ని సెలైన్‌తో కడిగి లోపలి నుంచి రెండు ముక్కలు తీయాలి. ఒకటి ఫార్మలిన్‌లో వేసి బయాప్సీకి, రెండోది స్టెరైల్ సీసాలో కాస్త సెలైన్ పోసి కల్చర్‌కి పంపాలి. రెండూ ఫార్మలిన్‌లో పడ్డాయంటే సూక్ష్మజీవి అందులోనే చచ్చిపోతుంది, ఇక ఏ ల్యాబూ పెంచలేదు. థియేటర్‌లో క్షణంలో జరిగే ఈ పొరపాటుకు నెలల తరబడి బాధపడేది రోగి. ఫారం మీద 'గుండె ఆపరేషన్ గాయం, ఎన్‌టీఎం కోసం చూడండి, ప్లేట్లు రెండు వారాలు ఉంచండి' అని తప్పక రాయండి. ఎన్‌టీఎం అంటే టీబీ కలిగించని మైకోబ్యాక్టీరియాలు.

అపోహ: ఏఎఫ్‌బీ (టీబీ లాంటి క్రిములను ఎర్రగా చూపే స్టెయిన్ పరీక్ష) పాజిటివ్ వచ్చింది, టీబీ మందులు మొదలుపెట్టొచ్చు.

వాస్తవం: ఫార్చూటమ్ కూడా ఆ స్టెయిన్‌లో ఎర్రగానే కనిపిస్తుంది. టీబీ క్రిమి జన్యువును వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష నెగటివ్ అయితే ఆగండి. పైన చెప్పిన మూడు మైకోబ్యాక్టీరియాల మీదా మామూలు టీబీ మాత్రలు పనిచేయవు. సెన్సిటివిటీ (ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్ష) చూసి అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు రెండు మూడు కలిపి నెలల పాటు ఇవ్వాలి. చచ్చిన ఎముక, ఛాతీ ఎముకను బిగించిన స్టీల్ వైర్లు లోపలే ఉంటే మందులొక్కటే చాలవు. అబ్సెసస్‌కు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ల్యాబు పరీక్షలో 3వ రోజు పనిచేస్తున్నట్టు కనబడినా 14వ రోజు మళ్లీ చూడాలి. మందు తగిలాకే పైకి వచ్చే నిరోధకత దానికి ఉంటుంది.

అపోహ: తాగే నీళ్లే కదా, గాయం కడిగితే ఏమవుతుంది?

వాస్తవం: ఈ మైకోబ్యాక్టీరియాలు క్లోరిన్‌ను బాగా తట్టుకుని కుళాయి నీళ్లలోనే బతుకుతాయి. గాయం పూర్తిగా మూసుకునే దాకా స్టెరైల్ సెలైనే వాడాలి.

అపోహ: రెండేళ్లు దాటింది, ఈ జ్వరానికి ఆపరేషన్‌తో సంబంధం లేదు.

వాస్తవం: మైకోబ్యాక్టీరియం చిమేరా ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. ఆపరేషన్ వేళ రక్తం వేడిని అదుపు చేసే హీటర్-కూలర్ ట్యాంకు నీళ్లలో చేరి, ఫ్యాను గాలితో తుంపరగా లేచి ఛాతీలో పడుతుంది. ఈ సంగతి మొదట జ్యూరిక్‌లో తేలింది. కృత్రిమ కవాటమో గ్రాఫ్టో (కృత్రిమ రక్తనాళం) పెట్టించుకున్నవారికి రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే మైకోబ్యాక్టీరియా బ్లడ్ కల్చర్ అడగండి. దాని ఫలితానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది.