ట్రెప్టవర్ పార్కులో నన్ను రోజూ అడిగేవి: సోవియట్ సైనికుల సమాధులపై అపోహలు, వాస్తవాలు

నేను బెర్లిన్‌లో నడక టూర్లు చేయించే గైడ్‌ని. వారంలో రెండు మూడు రోజులు ట్రెప్టవర్ పార్కులోని సోవియట్ యుద్ధ స్మారకం దగ్గరే ఉంటాను. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ పోరులో చనిపోయిన సోవియట్ సైనికుల సమాధులు ఇక్కడ ఉన్నాయి. మన తెలుగువాళ్ళూ బాగానే వస్తారు. జర్మనీలో ఎం.ఎస్. చదివే పిల్లలు, ఉద్యోగాల్లో ఉన్న కొడుకునో కూతురినో చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు. ఇదివరకు "ఈ విగ్రహం ఎత్తెంతండీ?" అని అడిగేవాళ్ళు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగిన తర్వాత "దీన్నింకా ఎందుకు ఉంచారండీ?" అని అడుగుతున్నారు. ప్రశ్న మంచిదే. కానీ దాని వెనక ఉండే సమాచారంలో సగం తప్పు.

అపోహ: ఇది రష్యా స్థలం, రష్యా డబ్బుతో నడుస్తుంది.

కాదు. 1949 మే 8న దీన్ని ప్రారంభించింది సోవియట్ సైన్యమే, కానీ ఇవాళ దీని బాగోగులు చూసేది జర్మనీ. 1990 నవంబర్ 9న జర్మనీకీ సోవియట్ యూనియన్‌కీ ఒక ఒప్పందం కుదిరింది. ఇలాంటి సోవియట్ స్మారకాలను గౌరవిస్తామని, సమాధులను కాపాడతామని జర్మనీ అందులో మాట ఇచ్చింది. గడ్డి కోయించడం, రాళ్ళు బాగుచేయించడం బెర్లిన్ నగర ప్రభుత్వం పని. ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలిపేసుకున్న 2014లో రెండు జర్మన్ పత్రికలు కలిసి, బెర్లిన్‌లోనే ఉన్న ఇంకో సోవియట్ స్మారకం, టియర్‌గార్టెన్ దగ్గరున్న రెండు టీ-34 సోవియట్ ట్యాంకులను తీసేయాలని సంతకాలు సేకరించాయి. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2022లో మళ్ళీ అదే డిమాండ్, మళ్ళీ అదే జవాబు. ట్యాంకులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వెళ్తే చూడొచ్చు.

అపోహ: ఇక్కడ ఉన్నవాళ్ళంతా రష్యన్లు.

ఈ ఒక్కదాని మీద నేను ఎంతసేపైనా మాట్లాడతాను. మన ఇళ్ళల్లో సోవియట్ అన్నా రష్యా అన్నా ఒకటే. విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, చిన్నప్పుడు 'సోవియట్ భూమి' పత్రిక తెప్పించుకుని చదివినవాడు, టూర్ అంతా "రష్యన్ వీరులు, రష్యన్ వీరులు" అంటూనే ఉన్నాడు. అదే గుంపులో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదువుతూ యుద్ధం రావడంతో బయటపడిన అమ్మాయి ఉంది. కాసేపు విని, "అంకుల్, మా ఇంటి ఓనరు మామ్మ వాళ్ళ నాన్న కూడా హిట్లర్‌తో జరిగిన ఆ యుద్ధంలోనే పోయాడు. ఆవిడ ముందు రష్యన్ అంటే ఊరుకోదు" అంది. పెద్దాయన నా వైపు చూశాడు.

ఆ అమ్మాయి అన్నది నిజం. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సోవియట్ సైనికులు దాదాపు 87 లక్షలు. పౌరులతో కలిపితే సుమారు 2 కోట్ల 70 లక్షలు. ఆ సైనికుల్లో రష్యన్లు మూడింట రెండొంతులు. ఉక్రెయిన్‌వాళ్ళు దాదాపు 14 లక్షలు. మిగతావాళ్ళు బెలారస్, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, జార్జియా, ఆర్మేనియా, ఇంకా ఎన్నో ప్రాంతాలవాళ్ళు. బెర్లిన్‌లోని జర్మన్ పార్లమెంటు భవనం రైష్‌స్టాగ్ మీద ఎర్ర జెండా ఎగరేసే ఫోటో అందరికీ తెలుసు. దాన్ని 1945 మే 2న తీసిన యెవ్‌గేనీ ఖల్దేయ్ ఉక్రెయిన్‌లోని ఇప్పటి దొనెత్స్క్‌లో పుట్టిన యూదుడు. అందులో జెండా పట్టుకున్న అలెక్సీ కొవల్యోవ్ ఉక్రెయిన్ రాజధాని కీవ్ కుర్రాడు. ఇవాళ ఆ ఊళ్ళ మీద జరుగుతున్నదేమిటో చెప్పక్కర్లేదు.

ట్రెప్టవర్‌లో ఇంకో ఆధారం కళ్ళ ముందే ఉంది. దారికి రెండు వైపులా 16 రాతి పేటికలు ఉంటాయి. అప్పట్లో సోవియట్ గణతంత్రాలు 16, అందుకే అన్ని. వాటి మీద స్టాలిన్ మాటలు బంగారు రంగు అక్షరాల్లో, ఒక వైపు రష్యన్‌లో, ఇంకో వైపు జర్మన్‌లో. తూర్పు జర్మనీ 1961లో స్టాలిన్ విగ్రహాన్ని తీసేసినా ఇవి మిగిలిపోయాయి. వాటిలో శవాలు ఉన్నాయనుకుని చేతులు జోడించేవాళ్ళున్నారు. ఆ పేటికలు ఉత్త గుర్తులే. ఏడు వేల మందికి పైగా సైనికులు ఉన్నది నేలలో.

అపోహ: పాపను ఎత్తుకుని నిలబడ్డ ఆ పెద్ద విగ్రహం నికొలాయ్ మసాలోవ్ అనే సైనికుడిది.

ఇది నేనే చాలా ఏళ్ళు తప్పు చెప్పాను. మసాలోవ్ బెర్లిన్ పోరులో ఒక జర్మన్ పాపను కాపాడాడనే కథ సోవియట్ సేనాపతి మార్షల్ చుయికోవ్ రాతల వల్ల ప్రచారమైంది. కానీ శిల్పి వుచెటిచ్ ముందు నిలబడి పోజిచ్చినవాళ్ళలో ఇవాన్ ఒదార్చెంకో ఉన్నాడు, మసాలోవ్ లేడు. అన్నట్టు విగ్రహం 12 మీటర్లు. కాళ్ళ కింద ముక్కలైనది నాజీల గుర్తు, మన గడప మీద వేసే స్వస్తిక కాదు. ఒకావిడ నిజంగానే నొచ్చుకుంది, అందుకే ముందే చెప్తున్నా.

అపోహ: మాస్కోలో మే 9 విజయ దినోత్సవ పరేడ్ 1945 నుంచి ఏటా జరుగుతోంది.

స్టాలిన్ కాలంలో జరిగిన విజయ పరేడ్ ఒక్కటే, 1945 జూన్ 24న. 1948 నుంచి మే 9 మామూలు పనిరోజు. దాన్ని మళ్ళీ సెలవుగా, పెద్ద పండగగా మార్చింది 1965లో అప్పటి సోవియట్ నేత బ్రెజ్నెవ్. ఆ తర్వాత కూడా రెడ్ స్క్వేర్‌లో మే 9 పరేడ్‌లు 1985లో, 1990లో మాత్రమే. ఏటా జరగడం 1995 నుంచి. 2020లో కోవిడ్ వల్ల జూన్ 24కి మార్చినప్పుడు మన త్రివిధ దళాల బృందం కూడా అక్కడ కవాతు చేసింది. చనిపోయిన తాత ఫోటో పట్టుకుని నడిచే 'అమర దళం' ఊరేగింపు 2012లో రష్యాలోని తొమ్‌స్క్ నగరంలో కొందరు విలేకరులు మొదలుపెట్టినది. తర్వాత అది ప్రభుత్వం చేతిలోకి వెళ్ళింది.

అపోహ: యూరప్‌లో సోవియట్ సైనికుల సమాధులు కూల్చేస్తున్నారు.

ఇక్కడ రెండు వేర్వేరు వాటిని కలిపేస్తున్నాం. విజయ చిహ్నం వేరు, సమాధి వేరు. లాత్వియా రాజధాని రీగాలో 2022 ఆగస్టులో కూల్చిన 79 మీటర్ల స్తంభం 1985లో కట్టిన విజయ చిహ్నం. పోలండ్ చట్టం ప్రకారం కమ్యూనిస్టు కాలపు చిహ్నాలు తీసేస్తున్నారు, కానీ శ్మశానాలకు మినహాయింపు ఉంది. వార్సాలో 21 వేల మందికి పైగా సోవియట్ సైనికులున్న శ్మశానం అలాగే ఉంది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలోనైతే సోవియట్ స్మారకాన్ని కాపాడాలని 1955 ఒప్పందంలోనే రాసుకున్నారు.

అంత తేలిగ్గా విడదీయలేని చోట్లు కూడా ఉన్నాయి. ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో 'కంచు సైనికుడు' అనే సోవియట్ సైనికుడి విగ్రహం దగ్గరే శవాలు పాతిపెట్టి ఉండేవి. 2007 ఏప్రిల్‌లో విగ్రహాన్ని సైనిక శ్మశానానికి మార్చి, అక్కడ దొరికిన 12 మంది అవశేషాలను బయటికి తీశారు. అల్లర్లు జరిగాయి, ఒకరు చనిపోయారు. అక్కడివాళ్ళకు ఆ సైనికుడు 1944లో నాజీలను తరిమినవాడు, ఆ వెంటనే తమ దేశాన్ని మింగిన రాజ్యం తరఫున వచ్చినవాడు కూడా. నన్నడిగితే విగ్రహాన్ని ఎక్కడ పెట్టాలో ఆ ఊరివాళ్ళే తేల్చుకోవాలి. ఎముకల జోలికి మాత్రం రాత్రికి రాత్రి హడావిడిగా వెళ్ళకూడదు.

అపోహ: బెర్లిన్ పోలీసులు నివాళిని నిషేధించారు.

నిషేధించింది నివాళిని కాదు. మే 8, 9 తేదీల్లో స్మారకాల దగ్గర జెండాలు, సైనిక దుస్తులు, రష్యా విజయ గుర్తుగా వాడే నారింజ నలుపు చారల సెయింట్ జార్జ్ రిబ్బన్ల మీద ఆంక్షలు. 2022లో రష్యా జెండాతో పాటు ఉక్రెయిన్ జెండానూ ఆపేశారు, దాని మీద చాలా విమర్శలొచ్చాయి. 2023లో విషయం కోర్టుకెళ్ళాక ఉక్రెయిన్ జెండాకు అనుమతి వచ్చింది. తేదీలు రెండెందుకంటారా? 1945లో జర్మనీ లొంగుబాటు అమల్లోకి వచ్చింది ఇక్కడి లెక్కలో మే 8 రాత్రి 11:01కి. మాస్కోలో అప్పటికే 9.

ఇక ఎవరూ అడగని సంగతి ఒకటి. జర్మన్లకు బందీలుగా చిక్కిన సోవియట్ సైనికులు దాదాపు 57 లక్షలు. వాళ్ళలో సుమారు 33 లక్షల మంది ఆకలికి, చలికి, రోగాలకు, తుపాకీ గుళ్ళకు చనిపోయారు. వాళ్ళకు ఇలాంటి విగ్రహం లేదు. బతికి ఇంటికి వెళ్ళినవాళ్ళను సొంత రాజ్యమే ద్రోహులేమోనని అనుమానించింది. వాళ్ళ పరువు అధికారికంగా తిరిగి ఇచ్చింది 1995లో, అప్పటి రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఉత్తర్వుతో. అప్పటికి ఎంతమంది మిగిలుంటారు?

మే నెలలో వస్తే ట్రెప్టవర్ పార్క్ ఎస్-బాన్ (లోకల్ రైలు) స్టేషన్‌లో దిగండి. బ్యాగులో ఏ దేశం జెండా వద్దు, గేటు దగ్గర టెన్షన్ ఎందుకు. ఎర్ర కార్నేషన్లు తెచ్చుకోండి. రష్యా, ఉక్రెయిన్‌వాళ్ళ ఆనవాయితీలో చనిపోయినవాళ్ళకు పూలు సరిసంఖ్యలో పెడతారు, కాబట్టి రెండో నాలుగో కొనండి.