పది శాతం దిగుబడి అంటే ఎంత?

2024 డిసెంబరులో చిప్పుల కంపెనీ ఇంటెల్ కొత్త ప్రాసెస్ (చిప్పుల తయారీ పద్ధతి) 18ఎ దిగుబడి పది శాతమేనని వార్తలొచ్చాయి. అంటే చేసిన వంద చిప్పుల్లో పదే పనిచేస్తున్నాయన్నమాట. షేర్లున్నవాళ్లకు టెన్షన్. కొద్దిరోజుల ముందే సీఈవో కుర్చీ దిగిన పాట్ గెల్సింగర్ మాత్రం, చిప్పు సైజు చెప్పకుండా శాతం చెప్పేవాళ్లకు దిగుబడి అంటే ఏంటో తెలియదని తేల్చేశారు. పదవి పోయిన ఉక్రోషం అనుకోవచ్చు గానీ, లెక్క ఆయన వైపే ఉంది.

డాబా మీద చీర పరిచి వడియాలు పెట్టారు, కాకులు నాలుగుచోట్ల రెట్ట వేశాయి అనుకోండి, వందల్లో నాలుగు వడియాలు పోతాయి, అంతే. అదే చీర మీద చేటంత అప్పడాలు ఆరే ఆరు ఆరబెడితే, అవే నాలుగు రెట్టలకు సగానికి పైగా పారేయాల్సి రావచ్చు. చీర అదే, కాకులూ అవే!

చిప్పులు చేసే 300 మిల్లీమీటర్ల సిలికాన్ వేఫర్ (గుండ్రటి పల్చటి పలక) మీదా ఇదే కథ. కంటికి కనపడని నలుసు పడినా చిప్పు చెడిపోవచ్చు. అందుకే ఇంజినీర్లు చదరపు సెంటీమీటరుకు ఎన్ని లోపాలో చూస్తారు. 18ఎలో అది 0.40 కన్నా తక్కువని 2024లో గెల్సింగరే చెప్పారు. సరిగ్గా 0.40 అనుకుని మామూలు ఫార్ములాలో వేస్తే, ఒక చదరపు సెంటీమీటరు చిప్పుకు దిగుబడి 67 శాతం, ఎనిమిది చదరపు సెంటీమీటర్ల చిప్పుకు 4 శాతం. (నిజంగా లోపాలు ఒకేచోట గుంపుగా పడుతుంటాయి, పాడైన భాగాన్ని ఆపేసి మిగతా చిప్పును తక్కువ ధరకు అమ్ముతారు కూడా, కాబట్టి మరీ అంత ఘోరంగా ఉండదు.)

వేఫర్ ఖర్చు మాత్రం మంచి చిప్పులు పది వచ్చినా వంద వచ్చినా ఒకటే, లాభం అక్కడే తేలిపోతుంది. కాబట్టి నన్నడిగితే ఇన్వెస్టర్లు పట్టుకోవాల్సింది లోపాలు ఎంత వేగంగా తగ్గుతున్నాయన్నది. 2020 జులై 23న ఇంటెల్ తన 7 నానోమీటర్ల ప్రాసెస్ గురించి చెప్పినప్పుడు అందులో శాతాలేం లేవు, దిగుబడి సొంత లక్ష్యం కన్నా దాదాపు 12 నెలలు వెనకబడిందని మాత్రమే ఉంది. మర్నాడు షేరు 16 శాతం దాకా పడింది. చిన్న చిన్న ముక్కలుగా చిప్పులు చేయించుకుని అతికించి అమ్మే పోటీ కంపెనీ ఏఎమ్‌డీ షేరు ఆ రోజే దాదాపు అంత పెరిగింది.