జర్మన్ పట్టణాల పౌరుల పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

జర్మన్ మూలాలున్న కుటుంబాల వంశవృక్షాలు కూర్చేటప్పుడు నేను ఎక్కువగా ఆధారపడేది ‘బ్యుర్గర్‌బుఖ్’ మీద. పట్టణం కొత్తగా పౌరహక్కు ఇచ్చినవారి పేర్లు రాసుకున్న పుస్తకం ఇది. ఎంత విలువైనదో, దీని చుట్టూ అన్ని అపోహలున్నాయి.

అపోహ: ఇందులో పేరు లేకపోతే మన పూర్వీకుడు ఆ ఊళ్లో లేనట్టే.

వాస్తవం: ఇది జనాభా లెక్క కాదు. రుసుము కట్టి, ప్రమాణం చేసినవారి పట్టిక. సేవకులు, దినకూలీలు, యజమాని కింద పనిచేసే చేతివృత్తి పనివాళ్లు ఏళ్ల తరబడి అక్కడే బతికినా ఇందులోకి ఎక్కకపోవచ్చు. యూదులను చాలా పట్టణాలు పౌరులుగా చేర్చుకోలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వారికి పూర్తి సమాన హక్కులు 1864లో గాని దక్కలేదు. పౌరహక్కు తండ్రి నుంచి సంక్రమించే చోట్ల కొడుకుల పేర్లు రాయకుండా వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. పేరు దొరకలేదని సరైన ఊరినే వదిలేసుకోవడం చూస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది. ముందు పన్నుల పట్టికలు, చర్చి రికార్డులు తిరగేయండి.

అపోహ: నమోదైన ఏడాదే ఊరికి వచ్చిన ఏడాది.

వాస్తవం: చాలామంది పెళ్లికి ముందో, సొంతంగా వృత్తి పెట్టుకునేటప్పుడో పౌరహక్కు తీసుకున్నారు. అందుకే ఆ తేదీకి అటూ ఇటూ వివాహ నమోదు వెతకండి. రుసుము కూడా చూడండి. పౌరుడి కూతురినో వితంతువునో పెళ్లాడితే చాలా పట్టణాలు రుసుము తగ్గించేవి. కాబట్టి పక్క వరుసలకన్నా తక్కువ మొత్తం కనిపిస్తే భార్య పుట్టిల్లు అదే ఊరు కావచ్చు.

అపోహ: చర్చి రికార్డులుంటే ఇవి అక్కర్లేదు.

వాస్తవం: చర్చి రికార్డులు ఎక్కువగా 16వ శతాబ్దం నుంచే మొదలవుతాయి. 1618-48 నాటి ముప్పై ఏళ్ల యుద్ధంలో నాశనమైనవీ ఎన్నో. ఫ్రాంక్‌ఫర్ట్ పౌరుల పుస్తకాలు 1311 నుంచి ఉన్నాయి. బెర్లిన్‌వి 1453 నుంచి.

పట్టణ పౌరహక్కు జర్మన్ జాతీయతకు రుజువని అనుకునేవారూ ఉన్నారు. కాదు, అది ఆ ఒక్క పట్టణానికే చెల్లేది.

అపోహ: పుస్తకంలో పూర్వీకుడి సొంత ఊరి పేరు దొరికితే పని అయిపోయినట్టే.

వాస్తవం: జర్మనీలో నాయ్‌స్టాట్ అనే ఊళ్లే చాలా ఉన్నాయి! అయితే చాలా పట్టణాలు కొత్తవారిని సక్రమ సంతానమని నిరూపించే జనన ధ్రువీకరణ పత్రం అడిగేవి. తల్లిదండ్రుల పేర్లు, ఊరు అందులో ఉంటాయి. పుస్తకంలో లేని ఆ పత్రం పట్టణ మండలి దస్త్రాల్లో మిగిలి ఉండవచ్చు. ఆర్కైవ్‌కు ఉత్తరం రాసేటప్పుడు దాన్ని ప్రత్యేకంగా అడగండి.