పారాసిటమాల్ చాటున ఓపియాయిడ్

పన్ను తీయించుకున్నాకో, నడుంనొప్పికో డాక్టర్లు రాసే చీటీల్లో ఇప్పుడు తరచుగా కనిపించేది ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన మాత్ర. ఒక్కో మాత్రలో ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇంట్లోవాళ్లకు వీటిలో రెండో పేరే తెలుసు, అందుకే జ్వరం మాత్రే కదా అనుకుంటారు. మొదటిది ఓపియాయిడ్, అంటే నల్లమందు లాగా మెదడు మీద పనిచేసే మందు. ఈ ధీమాకు మనవాళ్లనే తప్పుపట్టలేం. చట్టాలు కూడా దశాబ్దాలపాటు ఇదే ధీమాతో నడిచాయి.

రెండు మందులు కలపడానికి కారణం ఉంది. అవి నొప్పిని వేరువేరు దారుల్లో తగ్గిస్తాయి. కలిపి ఇస్తే ఓపియాయిడ్ తక్కువ మోతాదుతోనే పని జరుగుతుంది. అయితే అమెరికా 1970లో తెచ్చిన మత్తుమందుల చట్టం దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లింది. హైడ్రోకోడోన్ అనే ఓపియాయిడ్ ఒక్కటే ఉంటే కఠినమైన రెండో షెడ్యూల్లో, అంటే మందుల జాబితాలో పెట్టింది. అదే పారాసిటమాల్‌తో కలిస్తే కాస్త మెత్తనైన మూడో షెడ్యూల్లోకి జార్చింది. దాంతో డాక్టర్ ఫోన్లో చెప్పినా మందు ఇచ్చేవారు. ఆరు నెలల్లో ఐదుసార్లు అదే చీటీ మీద మళ్లీ తెచ్చుకోవచ్చు. 1978లో వచ్చిన వైకొడిన్ అనే హైడ్రోకోడోన్, పారాసిటమాల్ జంట మాత్ర, ఆ తర్వాత దాని జెనరిక్‌లు ఈ సౌకర్యం మీదే పెరిగాయి. 2010 నాటికి అమెరికాలో డాక్టర్లు అన్నిటికన్నా ఎక్కువగా రాసిన మందు ఇదే.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. ఓపియాయిడ్‌కు ఒళ్లు అలవాటు పడుతుంది, నిన్న సరిపోయిన మోతాదు నెల తర్వాత సరిపోదు. మనిషి ఇంకో మాత్ర వేసుకుంటాడు. దాంతోపాటు అవసరం లేకపోయినా పారాసిటమాల్ కూడా పెరుగుతుంది. కొన్ని రకాల్లో ఒక్క మాత్రలోనే అది 750 మిల్లీగ్రాములు ఉండేది. అలాంటివి రోజుకు ఆరు మింగితే 4,500. పెద్దవాళ్లకు రోజుకు 4,000 దాటకూడదు. అమెరికాలో ఉన్నట్టుండి లివర్ పాడయ్యే కేసుల్లో సగం దాకా పారాసిటమాల్ వల్లేనని తేలింది. అందులో చాలామంది చావాలని మింగినవాళ్లు కారు, నొప్పి తగ్గాలని మింగినవాళ్లు.

2009 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం చీటీ మీద ఇచ్చే ఇలాంటి జంట మాత్రల్ని పూర్తిగా ఆపేయాలని 20–17 ఓట్లతో సిఫారసు చేసింది. ఎఫ్‌డీఏ అంత దూరం పోలేదు. 2011 జనవరిలో, ఒక్కో మాత్రలో పారాసిటమాల్ 325 దాటకూడదని చెప్పి కంపెనీలకు మూడేళ్ల గడువిచ్చింది. హైడ్రోకోడోన్ జంట మాత్రల్ని రెండో షెడ్యూల్లోకి ఎక్కించడానికి 2014 అక్టోబర్ దాకా ఆగాల్సి వచ్చింది. 44 ఏళ్లు! అన్నేళ్లూ లివర్ గురించి ఒక దగ్గర, అలవాటు గురించి ఇంకో దగ్గర మాట్లాడుకున్నారు. రెండూ ఒకే మాత్రలో ఉన్నాయన్న సంగతి మాత్రం వెనక్కి పోయింది.

మన దేశంలో ఆ స్థానం డెక్స్‌ట్రోప్రొపాక్సిఫీన్ అనే ఓపియాయిడ్‌ది. దీన్నీ పారాసిటమాల్‌తో కలిపే అమ్మారు. గుండె లయను చెడగొడుతుంది, మోతాదు కాస్త ఎక్కువైనా ప్రాణం పోవచ్చు. బ్రిటన్‌లో ఈ జంట మాత్రతో ఏటా 300 నుంచి 400 మంది చనిపోతున్నారని గుర్తించి 2005లో ఉపసంహరణ మొదలుపెట్టారు. అమెరికా 2010 నవంబర్‌లో ఆపింది. మన ప్రభుత్వం 2013 మేలో నిషేధించింది. అప్పటికే నాగాలాండ్, మిజోరం కుర్రాళ్లు ఆ క్యాప్సూల్స్‌లోని పొడిని నీళ్లలో కలిపి ఇంజెక్షన్‌గా ఎక్కించుకుని, చేతులు కాళ్లు పుండ్లు పడి ఆస్పత్రుల పాలవుతున్నారు.

ఖాళీ అయిన చోటును ట్రమడాల్ నింపింది. 1977లో జర్మనీలో మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచీ దానికి మెతక మందని పేరు. 2018 ఏప్రిల్లో దాన్ని మన మత్తుమందుల చట్టం, ఎన్‌డీపీఎస్ కిందకు తెచ్చారు. ట్రమడాల్, పారాసిటమాల్‌లకు కెఫీన్, టారిన్ కూడా చేర్చిన నాలుగు మందుల మాత్రను 2024 ఆగస్టులో నిషేధించారు. అసలు అలాంటి కలయిక ఎవరి నొప్పి కోసం కనిపెట్టారో నాకైతే అర్థం కాదు. 2025 ఫిబ్రవరిలో టపెంటడాల్ అనే ఓపియాయిడ్, కండరాలను సడలించే కారిసోప్రొడాల్ కలిసిన మాత్రల తయారీని, ఎగుమతిని ఆపించారు. మన దేశం నుంచి పశ్చిమాఫ్రికాకు అవి మత్తు కోసం వెళ్తున్నాయని బీబీసీ బయటపెట్టాక జరిగిన పని అది.

ఇదంతా చదివి ఓపియాయిడ్ అంటేనే వణికిపోనక్కర్లేదు. 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక లైసెన్సుల టెన్షన్‌తో ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి, క్యాన్సర్ రోగులు నొప్పితో అల్లాడారు. 2014లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో, రోగుల బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం మార్ఫిన్‌ను పద్ధతిగా వాడుతూనే ఉంది.

చేయాల్సిన లెక్క ఒకటే. ట్రమడాల్ జంట మాత్రకు అమెరికా లేబుల్ ప్రకారం గరిష్ఠం రోజుకు ఎనిమిది, అదీ ఐదు రోజులకు మించకుండా. ఎనిమిదింటిలో పారాసిటమాల్ 2,600. అదే రోజు జ్వరమని 650 మాత్రలు మూడు వేస్తే 4,550, అంటే 4,000 హద్దు దాటినట్టే. డాక్టర్ రాసిన మోతాదు సాధారణంగా ఆ గరిష్ఠం కన్నా తక్కువే ఉంటుంది, దాన్నే పాటించాలి. మద్యం, నిద్రమాత్రలు దీంతో కలిస్తే ఊపిరి నెమ్మదించి ఆగిపోవచ్చు. డిప్రెషన్ మందులు వాడేవాళ్లు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి. 12 ఏళ్ల లోపు పిల్లలకు ట్రమడాల్ వద్దని ఎఫ్‌డీఏ 2017లోనే తేల్చింది. వారాల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా మానకూడదు, డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

ఎవరైనా పొరపాటున ఎక్కువ మింగితే, మనిషి బాగానే ఉన్నాడు కదా అని తెల్లారేదాకా ఆగొద్దు. పారాసిటమాల్ విషం మొదటి రోజు పెద్దగా బయటపడదు, కళ్లు పచ్చబడేసరికి లివర్ దెబ్బతిని ఉంటుంది. దాని విరుగుడు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్‌ను, పారాసిటమాల్ మింగిన ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి, ఏ మందు ఎంత మోతాదులో లోపలికి పోయిందో డాక్టర్‌కు దాని మీదే తెలుస్తుంది.